భూమి గుండ్రంగా ఎందుకుంది?

(ఖిదిర్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "సుబేదార్ సాబ్, ఈసారి మీరు మాట్లాడాలి" అన్నప్పుడు ఏదో యుద్ధం కథ చెబుతానని ఆయన ఉద్దేశం. భూమి ఆకారం గురించి చెబుతానంటే ఒక్క నిమిషం నా మొహం చూసి "అది ఐదో తరగతి పాఠం కదండీ" అన్నారు. నిజమే. నేను చదివింది కూడా ఎక్కువేమీ కాదు, సోంపేటలో ఇంటర్మీడియట్, ఎం.పి.సి. గ్రూపు. ఆ మీదట ఇరవై ఎనిమిదేళ్లు తోప్‌ఖానాలో సర్వే పని చేశాను. తోపు ఎక్కడుంది, శత్రువు ఎక్కడున్నాడు, మధ్యన దూరమెంత, దిక్కేది అన్నది కొలిచి చెప్పే పని. భూమి ఆకారం లెక్క తప్పితే గుండు ఎక్కడ పడుతుందో నాకు స్వయంగా తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ ప్రసంగానికి కారణం చెప్పాలి. ఈ మధ్య మా తమ్ముడి కొడుకు, అగ్నివీర్ పరీక్షకి చదువుతున్న కుర్రాడు, ఫోను పట్టుకుని వచ్చాడు. "పెదనాన్నా, భూమి బల్లపరుపుగానే ఉందట, గుండ్రమని మనల్ని మోసం చేశారట, వీడియో చూడు" అన్నాడు. నాకు కోపం వచ్చిన మాట వాస్తవం. నోటి దాకా తిట్టు వచ్చింది. కాని వాడు అడిగాడు: "సరే గుండ్రంగానే ఉందనుకో, ఎందుకు గుండ్రంగా ఉంది? చతురస్రంగా ఎందుకు లేదు?" అంతటితో నా నోరు ఆగిపోయింది. ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను నలభై ఏళ్ల కిందట మరొకాయన అడిగారు. అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన మా అయ్య.

మాది శ్రీకాకుళం జిల్లా బారువ పక్కన సముద్రం ఒడ్డు పల్లె. మా తాత వేట చేసేవాడు. మా అయ్య కూడా కుర్రతనంలో తెప్ప ఎక్కినవాడే, తర్వాత పొట్ట చేతపట్టుకుని ఈ ఖిదిర్‌పూర్ డాకులో కూలీ పనికి వచ్చాడు. ఈ సభలో సగం మంది ఇళ్లలో ఇదే కథ కాబట్టి దాన్ని పొడిగించను. వేసవి సెలవులకి అమ్మ, నేను హౌరా మెయిల్ ఎక్కి ఇక్కడికి వచ్చేవాళ్లం. ఒకసారి డాకు గేటు దగ్గర కూర్చుని నేను గొప్పగా పాఠం అప్పజెప్పాను, భూమి నారింజ పండులా గుండ్రంగా ఉండునని. మా అయ్య బీడీ ఆర్పి అన్నమాట ఇదీ: "గుండ్రంగుందని మాకు తెల్దేటి? నడి సంద్రం నుంచి వొచ్చినప్పుడు ముందు మహేంద్రగిరి కొన కనిపిస్తాది, తర్వాత కొబ్బరిసెట్ల తలలు, ఆకరికి ఒడ్డు. గుండ్రం కాకపోతే అలాగెలా కనిపిస్తాది? ఎందుకు గుండ్రంగుందో అది సెప్పు, సదువుకున్నోడివి."

నేను నారింజ పండు దగ్గరే ఆగిపోయాను.

ఆయన చెప్పిన మహేంద్రగిరి సంగతి ముందు లెక్క వేద్దాం, ఎందుకంటే మా కుర్రాడి వీడియోకి అదే జవాబు. మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. బారువ ఒడ్డుకి పాతిక కిలోమీటర్ల లోపలికి ఉంటుంది. మీరు తెప్ప మీద ఒడ్డుకి 40 కిలోమీటర్ల దూరాన ఉన్నారనుకోండి. మీ కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటే మీకు నీళ్లు కనిపించేది 5 కిలోమీటర్ల వరకే. ఆ అవతల ఇంకా 35 కిలోమీటర్లు భూమి వంపు కింద దాగి ఉంటుంది. లెక్క కడితే ఒడ్డు మీద దగ్గర దగ్గర 95 మీటర్ల ఎత్తు వరకు ఏదీ కనిపించదు. గాలిలో వెలుగు కొంచెం వంగుతుంది కాబట్టి ఆ అంకె కొద్దిగా తగ్గుతుంది, అంతే. కొబ్బరిచెట్టు 20 మీటర్లు, అది మాయం. కొండ మాత్రం అడుగున 280 మీటర్లు మునిగి, మిగతా 1,200 మీటర్లూ పైన నిలబడి ఉంటుంది. దూరమయ్యే కొద్దీ కళ్లకి ఆనకపోవడమే కారణమైతే మొత్తం చిన్నదై మసకబారాలి గాని, కింద నుంచి మునుగుతూ పోవడం ఏమిటి? మా తాత ఏ యూనివర్సిటీలోనూ చదవలేదు. ఆయనకి ఇందులో సందేహం ఉండేది కాదు.

ఆర్యభటుడు కూడా భూమిని కదంబ పువ్వుతో పోల్చాడు. ఆ పువ్వు బంతి చుట్టూ కేసరాలు ఎలా నిలబడి ఉంటాయో భూమి చుట్టూ ప్రాణులు అలా ఉన్నాయన్నాడు. అది క్రీ.శ. 499 నాటి మాట. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని, పడవలో వెళ్లేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు మనకి నక్షత్రాలు పడమరకి పోతున్నట్టు కనిపిస్తాయని కూడా ఆయనే చెప్పాడు. కదంబమే మన కడిమి పువ్వు. నారింజ పండు కంటే నాకు అదే నచ్చింది. బంతికి కింద, పైన అని లేదు కదా, చుట్టూ ఉన్నవాళ్లంతా నిలబడే ఉన్నారు.

ఇక ఎందుకు అన్న ప్రశ్న. ప్రతి వస్తువూ ప్రతి వస్తువునీ లాగుతుంది. భూమిలో ఉన్న మట్టి, రాయి, ఇనుము ఒకదాన్నొకటి లాక్కుంటూ అన్నీ మధ్యకి చేరాలని చూస్తాయి. అందరూ నడిమధ్యకి వీలైనంత దగ్గరగా చేరాలంటే ఏ ఆకారం కుదురుతుంది? బంతి ఒక్కటే. చతురస్రంగా ఉంటే మూలలు మధ్య నుంచి దూరంగా ఉంటాయి. ఆ మూలల బరువు కింద రాయి నలిగి జారి లోపలికి వచ్చేస్తుంది. రాయి ఎక్కడైనా జారుతుందా అంటారేమో. మన చేతిలో ఉన్న రాయి జారదు. కాని వందల కిలోమీటర్ల మందాన రాయి మీద రాయి పడితే కింది రాయి గట్టిదనం చాలదు. లక్షల ఏళ్లలో అది చిక్కటి పాకంలా పారుతుంది. అందుకనే చిన్నవాటికి ఈ గుండ్రదనం లేదు. అంగారకుడి చుట్టూ తిరిగే ఫోబోస్ అనే చందమామ ఇరవై ఇరవై అయిదు కిలోమీటర్ల ముక్క, అది బంగాళాదుంపలా ఉంటుంది. దాని ఆకర్షణ దాని రాయిని నలపలేదు. 940 కిలోమీటర్ల సీరిస్ గుండ్రంగా ఉంది. భూమి 12,742 కిలోమీటర్లు. ఇంత లావు వస్తువుకి గుండ్రంగా ఉండడం తప్ప వేరే దారి లేదు. కొండలకి కూడా అందుకే ఒక హద్దు ఉంది. ఎవరెస్ట్ 8,848 మీటర్లు, దానికి పదింతల కొండ ఈ భూమ్మీద నిలబడదు, తన బరువుకి తానే కుంగిపోతుంది.

అయితే సరిగ్గా బంతి కూడా కాదు. భూమి తిరుగుతోంది. భూమధ్యరేఖ దగ్గర గంటకి సుమారు 1,670 కిలోమీటర్ల వేగం. మన కలకత్తాలో కూర్చున్న మనమంతా ఈ కుర్చీల్లోనే గంటకి 1,540 కిలోమీటర్లు తూర్పుకి పరుగెడుతున్నాం. తీర్థంలో రంగులరాట్నం చూశారు కదా, తిరిగే కొద్దీ గొలుసులకి వేలాడే కుర్చీలు బయటికి లేస్తాయి. అలాగే భూమి నడుము బయటికి ఉబ్బింది. ధ్రువాల దగ్గర తిరుగుడు లేదు కాబట్టి అక్కడ అణిగింది. మధ్య నుంచి భూమధ్యరేఖ దాకా 6,378 కిలోమీటర్లు, ధ్రువం దాకా 6,357 కిలోమీటర్లు. తేడా 21 కిలోమీటర్లు. పిల్లలూ, మీ గ్లోబు 30 సెంటీమీటర్లదైతే ఈ తేడా అర మిల్లీమీటరు. నారింజ పండు అని మాకు చెప్పిన మాస్టారు కొంచెం ఎక్కువే అణిచేశారన్నమాట. అదే గ్లోబు మీద ఎవరెస్ట్ శిఖరం మిల్లీమీటరులో ఐదో వంతు. వేలితో తడిమితే తెలియదు.

దీన్ని కనిపెట్టిన తీరు కూడా బాగుంటుంది. 1672లో రిషే అనే ఫ్రెంచి ఆయన లోలకం గడియారం పట్టుకుని భూమధ్యరేఖకి దగ్గరున్న కయెన్ వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన గడియారం అక్కడ రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. నడుము దగ్గర ఆకర్షణ తక్కువ, లోలకం నెమ్మదించింది. న్యూటన్ 1687లో ఇది పట్టుకుని, భూమి తిరుగుతోంది కాబట్టి నడుము ఉబ్బి ఉండాలన్నాడు. పారిస్‌లో కొలతలు తీసిన కాసినీలు కాదు, నిలువుగా సాగి ఉందన్నారు. యాభై ఏళ్లు తగాదా నడిచింది. చివరికి 1735లో పెరూ వైపు ఒక జట్టు, 1736లో ఉత్తరాన లాప్‌లాండ్ మంచులోకి ఒక జట్టు వెళ్లి కొలిచి న్యూటనే ఒప్పు అని తేల్చాయి. ఒక డిగ్రీ దూరం నడుము దగ్గర 110.6 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 111.7. అణిగిన చోట వంపు తక్కువ, కాబట్టి నక్షత్రం ఒక డిగ్రీ జరగాలంటే ఎక్కువ దూరం నడవాలి.

ఇక్కడి నుంచి కథ మన ఊళ్లలోకి వస్తుంది. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ కొండ దగ్గర లాంబ్టన్ అనే ఫౌజీ అధికారి గొలుసు పరిచి కొలత మొదలుపెట్టాడు. దేశం పటం గీయడం కంపెనీ వాళ్లకి కావలసిన పని. లాంబ్టన్ మనసులో ఉన్నది మాత్రం భూమి ఆకారం, మన అక్షాంశాల్లో ఒక డిగ్రీ ఎంత అన్నది. అరటన్ను బరువు థియోడొలైటుని కూలీలు మోసుకుంటూ కొండ కొండకీ ఎక్కించారు. 1818 చివర్లో ఎవరెస్ట్ హైదరాబాదులో ఆయన దగ్గర చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి వానాకాలంలో పంపితే జట్టులో వంద మందికి పైగా మన్యం జ్వరాన పడ్డారు. కొందరు చనిపోయారు. ఎవరెస్ట్‌ని మోసుకుని హైదరాబాదు తీసుకొచ్చారు. ఆయన కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లవలసి వచ్చింది. శిఖరానికి పేరు ఆయనదే పెట్టారు. ఆ జట్టులో గొలుసు లాగిన వాళ్ల పేర్లు, జెండా పట్టుకున్న వాళ్ల పేర్లు మనకి దక్కలేదు. నేను కూడా గొలుసు లాగి జెండా పట్టినవాణ్నే కాబట్టి నాకు ఆ బాధ ఉంది.

కలకత్తాలో ఉన్నవాళ్లు ఒక ఆదివారం బస్సెక్కి బి.టి. రోడ్డు వెళ్లండి. పాయిక్‌పాడా దగ్గర రోడ్డు పక్కన నలుచదరంగా ఒక పాత ఇటుకల బురుజు ఉంటుంది. సుఖ్‌చర్‌లో దాని జత ఇంకొకటి. మధ్య దూరం ఆరు మైళ్ల పైచిలుకు. 1831-32లో ఎవరెస్ట్ కలకత్తా బేస్‌లైను కొలవడానికి కట్టించినవి అవి. ఇక్కడ కొండలు లేవు, అంతా బురద నేల. అందుకని డెబ్బై అయిదు అడుగుల బురుజులు కట్టి పైనుంచి చూశారు. ఇనుము, ఇత్తడి బద్దలు జతచేసి ఎండకి సాగినా చుక్క మాత్రం జరగకుండా చేసిన కొలబద్దలు మన దేశంలో మొదటిసారి వాడింది ఈ రోడ్డు మీదే. అలాంటి బేస్‌లైనే 1862-63లో విశాఖపట్నంలోనూ కొలిచారు. ఇదే 1831లో హిందూ కాలేజీ కుర్రవాడు రాధానాథ్ సిక్దార్ లెక్కలు వేసే ఉద్యోగంలో చేరాడు. ఇరవై ఏళ్ల తర్వాత పదిహేనో నంబరు శిఖరమే ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయినదని లెక్క తేల్చింది ఆయనే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. మేస్త్రీలు గోడ నిలువు చూడడానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు కదా. ఆ గుండు భూమి మధ్యకి చూస్తుందని మనం అనుకుంటాం. సర్వే అంతా ఆ నమ్మకం మీదే ఉంది. ఎవరెస్ట్ జట్టు మధ్య భారతంలో కళ్యాణ్‌పూర్, హిమాలయాల దగ్గర కళియానా అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని గొలుసుల లెక్కన ఒకసారి, నక్షత్రాల లెక్కన ఒకసారి తేల్చింది. రెండింటికీ 5.236 సెకన్ల తేడా వచ్చింది. నేల మీద అది సుమారు 160 మీటర్లు. అంత జాగ్రత్తగా చేసిన పనిలో 160 మీటర్ల తేడా అంటే మామూలు విషయం కాదు.

దాన్ని చేపట్టింది కలకత్తాలో ఒక క్రైస్తవ గురువు. జాన్ హెన్రీ ప్రాట్, 1850 నుంచి కలకత్తా ఆర్చిడీకన్. ఆయన గణితంలో దిట్ట. హిమాలయాల కొండంత రాయి గుండుని తన వైపు లాగుతోంది, అందుకే నిలువు వంకర అయింది అన్నాడు. బాగానే ఉంది. అయితే కొండల బరువు లెక్కవేసి చూస్తే తేడా 15 సెకన్ల పైన రావాలి. వచ్చింది ఐదు. అంటే అంత పెద్ద హిమాలయం లాగవలసినంత లాగడం లేదు! ఆయన ఆ లెక్కని దాచుకోకుండా 1854లో లండన్‌కి పంపాడు. అక్కడ ఏరీ అనే ఖగోళవేత్త వెంటనే జవాబు చెప్పాడు: కొండలు నీటిమీద దుంగల్లా తేలుతున్నాయి, పైకి ఎంత లేస్తే కింద అంత లోతుగా తేలికపాటి రాయి వేరు ఉంటుంది. కొండల కింద రాయే తేలికపాటిదని తర్వాత ప్రాట్ అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని ఇప్పటి శాస్త్రం. ప్రాట్ భూమి ఆకారం మీద ఒక గ్రంథమే రాశాడు, 1871లో చనిపోయేదాకా కలకత్తా కొలువులోనే ఉన్నాడు. మన ట్రాము లైను అవతల తిరిగిన మనిషి. ఆయన గురించి ఇక్కడ ఎవరికీ తెలియదు.

సరే, నా సంగతి. 1990ల చివర్లో అనుకోండి, ఉత్తర బెంగాల్లో నది పక్కన ఒక ఫైరింగ్ రేంజి. అప్పుడు నేను హవల్దారుని. చేతిలో పట్టుకునే జీపీఎస్ సెట్లు కొత్తగా చూస్తున్న రోజులు. మామూలుగా అయితే రెండు తెలిసిన గుర్తుల మధ్య కోణాలు తీసి, లెక్కల పుస్తకం తిరగేసి తోపుల చోటు తేల్చాలి. రెండు మూడు గంటల పని. ఆ రోజు వాన. నేను సెట్టు ఆన్ చేసి, వచ్చిన అంకెలు మ్యాపు మీద పెట్టి చోటు ఇచ్చేశాను. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. నాకు నేనే మెచ్చుకున్నాను.

మొదటి గుండు లక్ష్యానికి రెండొందల యాభై మీటర్ల పైన పక్కకి జరిగి పడింది. ఏ వైపు అంటే మా ఓపీ ఉన్న వైపు. ఓపీలో రేడియో మీద ఉన్నది నా పక్క మంచం కుర్రాడే. రేడియోలో "స్టాప్, స్టాప్" అన్న వాడి గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకా వాళ్లకీ గుండుకీ మధ్య చాలా జాగా ఉంది. అయినా ఫైరింగ్ ఆపేశారు. నన్ను పిలిచారు. తప్పు పూర్తిగా నాది, సెట్టుది కాదు, మ్యాపుది కాదు.

ఏం జరిగిందంటే, మా మ్యాపు ఎవరెస్ట్ 1830లో లెక్కకట్టిన భూమి ఆకారం మీద గీసింది. దాని ప్రకారం భూమధ్యరేఖ వ్యాసార్థం 6,377.276 కిలోమీటర్లు. జీపీఎస్ వాడేది డబ్ల్యూ.జి.ఎస్. 84 ఆకారం, దాని వ్యాసార్థం 6,378.137. ఎనిమిది వందల మీటర్ల పైన తేడా. పైగా ఎవరెస్ట్ ఆకారాన్ని కళ్యాణ్‌పూర్ దగ్గర మన దేశానికి అతికేట్టు బిగించారు, దాని మధ్య బిందువు అసలు భూమి మధ్యన ఉండదు. అందువల్ల ఒకే చోటుకి రెండు లెక్కల్లో అంకెలు వేరు. రాజస్థాన్ వైపు అయితే తేడా పదుల మీటర్లు, తూర్పుకి వచ్చే కొద్దీ పెరిగి బెంగాల్లో రెండొందల యాభై దాటుతుంది. రాజస్థాన్‌లో అయితే బహుశా ఎవరూ గమనించేవారు కాదు, నేను అదే అలవాటుతో ఏళ్ల తరబడి సాగిపోయేవాణ్ని.

ఆ సాయంత్రం మా ఉస్తాదు, పంజాబీ సుబేదారు, నన్ను ఒక రాతి గుర్తు దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. తిడతాడనుకున్నాను. చాయ్ ఇచ్చి, నేల మీద పుల్లతో రెండు గుడ్లు గీశాడు, ఒకదాని మీద ఒకటి, కొంచెం పక్కకి జరిపి. "ధరతీ ఏక్ హై, అండే దో హైఁ" అన్నాడు. భూమి ఒక్కటే, గుడ్లు రెండు. ఏ గుడ్డు మీద కొలిచావో చెప్పకుండా అంకె చెప్పకూడదన్నాడు. ఆ రోజు రాత్రి నుంచి నేను ఇవన్నీ చదవడం మొదలుపెట్టాను. 2005 జాతీయ మ్యాపు విధానం వచ్చాక జనానికి ఇచ్చే మ్యాపులు డబ్ల్యూ.జి.ఎస్. 84 మీదికి మారాయి. కుర్రాళ్లకి ఇప్పుడు ఆ ఇబ్బంది తక్కువ. పాత మ్యాపు చేతికి వస్తే మాత్రం అంచున ఏం రాసుందో చూడండి.

ఎత్తులది ఇంకో తమాషా. మీ జీపీఎస్ సెట్టుకి ఏ సవరణా లేకపోతే ఇక్కడ ఖిదిర్‌పూర్ వీధిలో మనం మైనస్ యాభై మీటర్ల దగ్గర ఉన్నట్టు చూపిస్తుంది. ఆ లెక్కన మనమందరం నీళ్లలో ఉన్నాం! అసలు విషయం ఏమిటంటే సముద్రం నున్నటి గుడ్డులా ఉండదు. లోపల బరువైన పదార్థం ఉన్న చోట నీరు పోగవుతుంది, తేలికగా ఉన్న చోట దిగుతుంది. శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రం లెక్క ప్రకారం ఉండవలసిన మట్టానికి 106 మీటర్లు కిందకి ఉంది. ప్రపంచంలో అంత లోతు మట్టం ఇంకెక్కడా లేదు. నేవీ తమ్ముళ్లూ, మీరు దాని మీదుగా వెళ్లి ఉంటారు. మీకు లోయలోకి దిగినట్టు తెలియదు, ఎందుకంటే మీ రసమట్టం కూడా ఆ లోయతోపాటే వంగుతుంది. ఆ లోయ ఎందుకు వచ్చిందో 2023లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు కంప్యూటర్ల మీద భూమి పద్నాలుగు కోట్ల ఏళ్ల కదలిక నడిపించి చూశారు. ఆఫ్రికా కింద నుంచి వేడెక్కిన తేలికపాటి పదార్థం పైకి లేచి ఇటు పరుచుకోవడమే కారణమన్నారు. పాత టెథిస్ సముద్రపు అడుగు లోపలికి దిగిపోవడం దాన్ని కదిలించిందట.

మరి కొండ ఎత్తు ఎక్కడి నుంచి కొలుస్తారు అంటే సముద్రపు సగటు మట్టం నుంచి. సర్వే వాళ్లు మన దేశానికి తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి అలలు కొలిచి ఆ సున్నా పెట్టారు. అందులో మన విశాఖపట్నం ఒకటి. ఖిదిర్‌పూర్‌లో కూడా 1880ల నుంచి పోటు, పాట్లు కొలిచారు గాని, ఇది నది రేవు, వరద నీరు కలిసిపోతుంది, అందుకని ఆ తొమ్మిదిలో లేదు. దానికి బదులు ఖిదిర్‌పూర్‌కి దాని సొంత సున్నా ఉంది: పాత డాకు గడప. హుగ్లీ నీటి మట్టాలు, కలకత్తా మురుగు కాలవల ఎత్తులు ఆ గడప నుంచే లెక్క పెడుతూ వచ్చారు. మా అయ్య ఏళ్ల తరబడి ఆ గేటు దాటి పనికి వెళ్లాడు. ఆయన దాటింది నగరం మొత్తానికి సున్నా అని నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు.

పోటు మాట వచ్చింది కాబట్టి ఇదొక్కటి చెప్పి ముగిస్తాను. చంద్రుడు నీటినే కాదు, నేలని కూడా లాగుతాడు. మనం కూర్చున్న ఈ నేల రోజుకి రెండుసార్లు ఒక అడుగు దాకా లేచి దిగుతుంది. హాలు, వేదిక, వీధి, డాకు అన్నీ కలిసి లేస్తాయి కాబట్టి తెలియదు. భూమి ఆకారం ఒకసారి తయారై ఆగిపోయింది కాదు. ఇప్పుడు కూడా తయారవుతోంది.

మా అయ్య పోయి పదకొండేళ్లయింది. రిటైరై వచ్చాక ఆయనకి ఇదంతా చెప్పాలనుకున్నాను. నేను వచ్చేసరికి ఆయనకి వినికిడి పోయింది. ఒకరోజు సాయంత్రం ఆయన చేతిలో గోధుమపిండి ముద్ద పెట్టి, అన్ని వైపుల నుంచీ మధ్యకి నొక్కించాను. ముద్ద గుండ్రమైంది. తర్వాత దాన్ని గిన్నె మూత మీద పెట్టి గిర్రున తిప్పాను, నడుము కొంచెం ఉబ్బింది. ఆయన చాలాసేపు చూసి, "అంతేనేటి?" అన్నాడు. మా ఆవిడ ఆ పిండితోనే రొట్టె చేసింది.

మా తమ్ముడి కొడుకు మూడో వరుసలో కూర్చున్నాడు. వచ్చే ఆదివారం వాడిని తీసుకుని సుఖ్‌చర్ బురుజు దగ్గరికి వెళ్తున్నాను. ఉదయం ఆరున్నరకి ఖిదిర్‌పూర్ మోడ్ దగ్గర బస్సు. పిల్లల్ని పంపించాలనుకున్నవాళ్లు నీళ్ల సీసా, టోపీ ఇచ్చి పంపండి.  జై హింద్.